బొమ్మకు ప్రాణం ఎక్కడిది?

మహమ్మద్‌నగర్‌లో కొందరు బడిపిల్లలను కూర్చోబెట్టి ‘విక్రమసింహ’ చూపించాను. 2014లో వచ్చిన తమిళ ‘కొచ్చాడయాన్’కు అది తెలుగు రూపం. నటుల కదలికలను యంత్రాలతో నమోదుచేసి, కంప్యూటరు బొమ్మలకు తొడిగిన చిత్రం. కవచాలమీది నగిషీలో ఎంతో శ్రద్ధ కనిపిస్తుంది. అరగంట గడిచిందో లేదో ఒక పాప అడిగింది: “సారూ, గా రాజు కండ్లు గట్లెందుకున్నయి?”

సాంకేతిక లోపమని చెప్పి తప్పించుకోవచ్చు. అతిశ్రద్ధే కళను చంపుతుందని నిట్టూర్చనూవచ్చు. రెండూ సరికావని చరిత్ర చెబుతున్నది.

1937 నాటి డిస్నీ చిత్రం ‘స్నో వైట్’ చూడండి. దానికోసం వందలాదిమంది ఏళ్లతరబడి శ్రమించారు. కథానాయిక పాత్రను ముందుగా ఒక నర్తకిచేత అభినయింపజేసి, ఫిల్ము తీసి, ఆ ఆధారంతో గీశారు. రాకుమారుణ్ణి గీయడానికీ ఒక నర్తకుణ్ణే ఆధారం చేసుకున్నారు. అయినా ఎంతకూ కుదరక అతని పాత్రనే కుదించారు! మరుగుజ్జుల సంగతి వేరు. వారిలో చిరచిరలాడే గ్రంపీకి రూపమిచ్చినవాడు బిల్ టైట్లా. ఆ బొమ్మ ముక్కు, భుజాలు, నడక అన్నీ అలిగే ఉంటాయి. ఒకే చిత్రం, ఒకే శ్రద్ధ. కాని ఒకచోట చేయి నకలు తీసింది, ఇంకొకచోట ఆలోచించింది.

ఆలోచించే చేయి తన విలువను అడుగుతుంది కూడా. 1941 మేలో ఆర్ట్ బాబిట్‌ను, మరికొందరు సంఘ సభ్యులను పనినుంచి తీసివేయగానే డిస్నీ చిత్రకారులు సమ్మెకు దిగారు. టైట్లా వారి పక్షాన నిలిచాడు. ‘స్నో వైట్’లో రాణిని గీసినవాడు ఈ బాబిటే.

ఇంతదూరం పోనక్కరలేదు, మన తోలుబొమ్మలాట ఉంది. రాముడి బొమ్మకు ఎన్ని రంగులు, ఎన్ని సన్నని చిల్లులు! అయినా నిద్రమత్తులో ఉన్న జనం లేచి కూర్చునేది కేతిగాడు తెరమీదికి వచ్చినప్పుడే. వాడు మనిషిలా ఉండడు, మనిషిలా పోట్లాడతాడు. ఆడించేవాడే పాడతాడు, కాలికింది చెక్కలు తొక్కుతాడు, జనం నవ్వునుబట్టి మాట మారుస్తాడు. నేడు నిమ్మలకుంటలో అదే తోలుతో లాంపుషేడ్లు చేస్తున్నారు. పనితనం ఏమీ తగ్గలేదు. పొట్ట గడవాలి గనుక తప్పుపట్టే హక్కు నాకు లేదు. కాని ఆ రాముడు కదలడు.

పాపకు ఆ రోజు జవాబు చెప్పలేదు. మర్నాడు, మీ తాత ఎట్లా అలుగుతాడో గీయమన్నాను. ఆమె గీసిన తాతకు మెడే లేదు. గడ్డం నేరుగా ఛాతీలోకి దిగిపోయింది. పక్కపిల్లలు చూసి, అచ్చం గట్లనే కూసుంటడని నవ్వారు.