కర్రలో మహిమ ఎంత?

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలో అదే పొడవైనది. రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన తెలుగు కుటుంబంలో అక్కడే పుట్టాను. రక్షణ శాఖ లెక్కల ఉద్యోగం నుంచి రిటైరయ్యేసరికి ఆ ప్లాట్‌ఫాం చివరిదాకా నడవలేకపోయాను. మోకాళ్ళు.

బంధువులు ఏలినాటి శని అన్నారు, నీలం ఉంగరం పెట్టుకోమన్నారు. ఖర్చు కనబడింది, వోచర్ కనబడలేదు. కాదన్నాను.

కర్రకు మహిమలు అంటగట్టడం పాత అలవాటే. వసిష్ఠుడి బ్రహ్మదండం అస్త్రాలను మింగిందట, మోషే కర్ర సముద్రాన్ని చీల్చిందట. కొలత మాత్రం ఎక్కడా లేదు.

1974లో జర్మనీకి చెందిన లేకి కంపెనీ పొడవు మార్చుకునే అల్యూమినియం కర్ర తెచ్చింది. తర్వాత సంచిలో పట్టే మడత కర్రలు వచ్చాయి. 1999లో ష్వామెడర్ బృందం కొలిచి చూసింది: 25 డిగ్రీల వాలు దిగేటప్పుడు రెండు కర్రలు మోకాలి భారాన్ని 12 నుంచి 25 శాతం తగ్గించాయి. కొంత బరువు చేతుల మీదుగా నేలకు పోతుంది, అంతే. సమతలం మీద అంత లాభం ఆశించకూడదు.

వంతెన మెట్లు ఇప్పుడు కర్రలతో దిగుతున్నాను. ఖరగ్‌పూర్‌లోని మా అక్కయ్య ఉంగరాన్ని నమ్మి డాక్టరు చెప్పిన వ్యాయామం మానేసింది. ఇప్పుడు గడప దాటలేదు. ఆవిడకీ ఒక జత పంపాను. సిగ్గుపడి మూలన పెట్టిందట. ఉంగరం మాత్రం వేలికే ఉంది.