గాయమైతే డబ్బు, ప్రాణం పోతే సున్నా

1808లో ఇంగ్లండ్‌లో ఒక వింత తీర్పొచ్చింది. గుర్రబ్బండి బోల్తాపడి ఒకాయన భార్య నెలరోజులకి చనిపోయింది. ఆ నెల వరకే పరిహారం, చావుకి దావా కుదరదన్నాడు జడ్జి ఎలెన్‌బరో. అంటే కాలు విరగ్గొడితే డబ్బు కట్టాలి, చంపేస్తే అక్కర్లేదన్నమాట! రైళ్ళొచ్చి చావులు పెరిగాక 1846లో గానీ ఈ బగ్ ఫిక్స్ కాలేదు.

1855లో కంపెనీ సర్కారు దాన్నే మనకి కాపీ పేస్ట్ చేసింది: ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్. ఇప్పటికీ అమల్లో ఉంది. ఎవరి నిర్లక్ష్యం వల్లో గోడ కూలి మనిషి పోతే, క్రిమినల్ కేసు దారి దానిదే, ఇంటివాళ్ళ సివిల్ దావాకి ఈ చట్టమే ఆధారం. గడువు రెండేళ్ళు. అయితే పరిహారం భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలకే. చెల్లెల్ని చదివిస్తున్న అన్న పోతే? ఆ లిస్టులో ఆ అమ్మాయి లేదు. రోడ్డు ప్రమాదమైతే నయం, ట్రిబ్యునల్‌కి తోబుట్టువులూ వెళ్ళొచ్చని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. గోడ కింద పోయినవాడి చెల్లెలికి మాత్రం ఇంకా 1855 వెర్షనే.