కరెంట్ పోయి, నెట్ పోయి, సిస్టమ్ లేవనప్పుడు: ఈడీ, వీఐ, నానోల కథ

ఈ ఎపిసోడ్ కూడా నెల్లిమర్ల నుంచే. టాపిక్ వినడానికి చిన్నదే. లినక్స్ సిస్టమ్ బూట్ అవ్వకుండా మధ్యలో ఆగిపోతే, దాన్ని బాగుచెయ్యడానికి ఏ టెక్స్ట్ ఎడిటర్‌ని నమ్ముకోవాలి? జవాబు దొరకాలంటే యాభై ఏళ్లకి పైగా వెనక్కి వెళ్లాలి.

ముందు సమస్య ఏటో చూద్దాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వైజాగ్ దగ్గర తీరం దాటింది. మన ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంట్ లేదు, ఫోన్ సిగ్నల్ కూడా దెబ్బతింది. అలాంటి రోజున ఒక ఆఫీసులో లినక్స్ సర్వర్ ఉందనుకోండి. కరెంట్ ఒక్కసారిగా పోయింది, రెండు డిస్కుల్లో ఒకటి చెడిపోయింది. జనరేటర్ పెట్టి ఆన్ చేస్తే నల్ల తెర మీద ఎమర్జెన్సీ మోడ్ అని వస్తుంది. ఎందుకంటే, ఏ డిస్క్‌ని ఎక్కడ తగిలించాలో రాసుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఆ చెడిపోయిన డిస్క్ పేరు ఇంకా ఉంది. సిస్టమ్ దానికోసం ఎదురుచూసి ఆగిపోయింది. ఆ లైను ముందు ఒక్క హ్యాష్ గుర్తు పెడితే చాలు, సిస్టమ్ లేస్తుంది.

ఒక్క అక్షరమే. కానీ అది పెట్టాలంటే ఎడిటర్ కావాలి కదా! యూట్యూబ్ లేదు, గూగుల్ లేదు, ఇన్‌స్టాల్ చేద్దామంటే నెట్ లేదు. మెషీన్లో ఏదుంటే అదే గతి. మరి ఏదుంటుంది?

ఇక్కడ 1969కి వెళ్దాం. అమెరికాలో బెల్ ల్యాబ్స్. కెన్ థాంప్సన్ భార్య చిన్న పిల్లాణ్ని తీసుకుని సెలవులకి కాలిఫోర్నియా వెళ్లింది. ఆ కొద్ది వారాల్లోనే ఆయన యూనిక్స్‌కి తొలి రూపం ఇచ్చేశాడు. అప్పుడు రాసిన ముఖ్యమైన వాటిలో ఒకటి ఎడిటర్, అదే ఈడీ. గమనించండి, కెర్నల్‌తో పాటే ఎడిటర్ కూడా పుట్టింది. ఎడిటర్ లేకపోతే ఆ మెషీన్ మీద కూర్చుని ఆ మెషీన్‌కి కోడ్ రాయలేం.

అప్పట్లో స్క్రీన్ లేదు. టెలిటైప్ అని, కాగితం మీద టైపు కొట్టే యంత్రం. మోడల్ 33 అయితే సెకనుకి 10 అక్షరాలు, అంతే. అందుకే ఈడీకి మాటలు తక్కువ. తప్పు చేస్తే ఒక ప్రశ్నార్థకం కొట్టి ఊరుకుంటుంది. మన పెద్దోళ్లు టెలిగ్రాంలో మాటలు లెక్కపెట్టుకుని రాసేవారే, అలాగన్నమాట.

తర్వాత 1976 ప్రాంతంలో బర్క్‌లీ యూనివర్సిటీ. బిల్ జాయ్ అనే స్టూడెంట్ వీఐ రాశాడు. అప్పటికి స్క్రీన్ ఉన్న టెర్మినళ్లు వచ్చేశాయి. ఆయన వాడిన ఏడీఎం-3ఏ కీబోర్డులో హెచ్, జే, కే, ఎల్ మీదే బాణం గుర్తులు ఉండేవి. ఇప్పటికీ వీఐలో కర్సర్ ఆ నాలుగు కీలతో కదిలేది అందుకే. ఇక నానో అయితే 1999లో పుట్టింది, కింద మెనూ చూపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకి సులువు.

మరి సులువైనవి వచ్చాక ఈడీని ఎందుకు ఉంచుకున్నారు? రెండు కారణాలున్నాయి.

ఒకటి: వీఐ తెర మొత్తం గీస్తుంది. గీయాలంటే మీ టెర్మినల్ ఏ రకమో దానికి తెలియాలి. ఆ సమాచారం వేరే ఫైళ్లలో ఉంటుంది. ఆ ఫైళ్లు అందకపోతే వీఐ సరిగ్గా పనిచెయ్యదు. ఈడీ కాగితం కోసం పుట్టింది కాబట్టి దానికి ఆ గొడవే లేదు.

రెండోది ఇంకా ముఖ్యం: అది ఉండే చోటు. పాత యూనిక్స్‌లో రూట్ అనే చిన్న భాగం ముందు తెరుచుకుంటుంది. యూఎస్ఆర్ అనే పెద్ద భాగం చాలాసార్లు వేరే డిస్క్‌లో ఉండేది, తర్వాత తగిలించేవాళ్లు. రూట్‌ని ముందు గది, యూఎస్ఆర్‌ని వెనక గది అనుకోండి. ఈడీ ముందు గదిలో, వీఐ వెనక గదిలో. వెనక గది తలుపు తెరుచుకోని రోజున వీఐ ఎంత గొప్పదైతే ఏం లాభం? 2004లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 5.2లో రెస్క్యూ అని ప్రత్యేకంగా ఒక డైరెక్టరీ పెట్టారు. అందులోవి వేరే లైబ్రరీల మీద ఆధారపడవు. ఈడీ, వీఐ రెండూ అక్కడుంటాయి.

ఇప్పటి లినక్స్‌లో గదులు మారాయి. 2012లో ఫెడోరా 17 ముందు గదినీ వెనక గదినీ కలిపేసింది, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఇప్పుడు ముందు గది అంటే ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్, బూట్ అయ్యేటప్పుడు మెమరీలోకి వచ్చే చిన్న సిస్టమ్. చాలా చోట్ల అందులో బిజీబాక్స్ ఉంటుంది. దాన్ని 1995లో బ్రూస్ పెరెన్స్ మొదలుపెట్టింది కూడా డెబియన్ రెస్క్యూ ఫ్లాపీ కోసమే. కానీ అందులో వీఐ ఉందా లేదా అన్నది తయారుచేసినవాళ్ల ఇష్టం. కొన్ని మెషీన్లలో ఈడీ కూడా ఉండదు.

అందుకే నా మాట ఏటంటే: ఆపద రోజున మనం ఎడిటర్‌ని ఎంచుకోం, అప్పటికే ఉన్నదాన్ని వాడతాం. ఎంపిక చేసుకోవాల్సింది మామూలు రోజునే. నానో ఉంటే హాయిగా వాడండి. వీఐలో లోపలికి వెళ్లి, మార్చి, సేవ్ చేసి బయటికి రావడం వరకైనా నేర్చుకోండి. ఈడీలో నాలుగు ముక్కలు చాలు. కామా, ఎన్ కొడితే లైన్లన్నీ నంబర్లతో వస్తాయి. 4 ఎస్, స్లాష్, క్యారెట్, స్లాష్, హ్యాష్, స్లాష్ కొడితే నాలుగో లైను ముందు హ్యాష్ పడుతుంది. డబ్ల్యూ అంటే సేవ్, క్యూ అంటే బయటికి. సేవ్ అవ్వకపోతే రూట్ రీడ్-ఓన్లీగా ఉందేమో చూడండి. ఉంటే ముందు దాన్ని రీడ్-రైట్‌గా రీమౌంట్ చెయ్యాలి.

కంప్యూటర్ లేకపోతే ఏం పర్లేదు, ఫోన్లో టెర్మక్స్ ఉంటే ఇవన్నీ అందులోనే ప్రాక్టీస్ చెయ్యొచ్చు. ఇవాళే ఒక ఉత్తుత్తి ఫైల్ తీసుకుని నాలుగో లైను ముందు హ్యాష్ పెట్టి చూడండి. మీ సిస్టమ్‌లో ఏ ఎడిటర్లు ఉన్నాయో చూసి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.