ఏబీయూ రోబోకాన్

ఏబీయూ రోబోకాన్ అనేది ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి చెందిన ఇంజనీరింగు విద్యార్థుల జట్ల మధ్య ఏటా జరిగే అంతర్జాతీయ రోబోల పోటీ. ఆసియా-పసిఫిక్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ (ఏబీయూ) అనే ప్రసార సంస్థల సమాఖ్య దీనిని 2002లో ప్రారంభించింది. కౌలాలంపూర్ కేంద్రంగా పనిచేసే ఈ సమాఖ్య 1964లో ఏర్పడింది. భారతదేశపు దూరదర్శన్, జపాను యొక్క ఎన్‌హెచ్‌కే, వియత్నాం యొక్క వీటీవీ మొదలైనవి ఇందులో సభ్యులు. ఒక్కో సంవత్సరం ఒక్కో దేశపు ప్రసార సంస్థ ఈ పోటీకి ఆతిథ్యం ఇస్తుంది.

రోబోను తెలుగులో మరమనిషి అని కూడా అంటారు. అయితే ఈ పోటీలో పాల్గొనే యంత్రాలకు మనిషి రూపం ఉండదు. అల్యూమినియం చట్రం, చక్రాలు, మోటార్లు, తీగలు కలిసి ఒక బల్లనో, చిన్న క్రేనునో పోలి ఉంటాయి. అందువలన ఈ వ్యాసంలో రోబో అన్న పదమే వాడబడినది.

చరిత్ర

ఈ పోటీకి మూలాలు జపానులో ఉన్నాయి. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడైన మసహిరో మోరి, విద్యార్థులకు పరిమితమైన సామగ్రి ఇచ్చి, దానితో యంత్రాలు తయారు చేయించి పోటీ పెట్టే పద్ధతిని ప్రోత్సహించాడు. రోబోటిక్స్‌లో తరచుగా ప్రస్తావనకు వచ్చే "అన్‌క్యానీ వ్యాలీ" అనే భావనను 1970లో ప్రతిపాదించినది కూడా ఈయనే. ఈ ఆలోచన ఆధారంగా ఎన్‌హెచ్‌కే 1988లో సాంకేతిక కళాశాలల విద్యార్థులకు రోబోకాన్ పోటీని మొదలుపెట్టి, టెలివిజన్‌లో ప్రసారం చేసింది. కార్యక్రమానికి ఆదరణ లభించడంతో విశ్వవిద్యాలయాలకు కూడా పోటీ ఏర్పడింది. తరువాత ఏబీయూ దీనిని ఆసియా అంతటికీ విస్తరించింది.

మొదటి ఏబీయూ రోబోకాన్ 2002లో టోక్యోలో జరిగింది. ఫ్యూజీ పర్వత శిఖరాన్ని చేరుకోవడం ఆ ఏటి ఇతివృత్తం. ఆతిథ్య దేశమైన జపానును కాదని వియత్నాం జట్టు విజేతగా నిలిచింది. అటు తరువాత 2004, 2006, 2014, 2015, 2017, 2018 సంవత్సరాలలో కూడా వియత్నాం జట్లే గెలిచాయి. 2007 నుండి 2010 వరకు వరుసగా నాలుగు సార్లు, మరల 2012లో చైనా జట్లు గెలిచాయి. పారిశ్రామికంగా ఎంతో ముందున్న జపాను 2005లోను, 2013లోను విజయం సాధించింది. ఖరీదైన విడిభాగాలు ఉంటేనే ఈ పోటీలో గెలుపు సాధ్యమన్న అభిప్రాయానికి ఈ ఫలితాలు కొంతవరకు సమాధానం చెబుతాయి.

2020లో ఫిజీ దేశం ఆతిథ్యం ఇవ్వవలసి ఉండగా, కోవిడ్-19 కారణంగా పోటీ జరగలేదు. దాని స్థానంలో ఇంటర్నెట్ ద్వారా ఒక ఉత్సవం మాత్రం నిర్వహించారు.

ఇతివృత్తం

రోబోకాన్‌కు ఉన్న విశేషం ఏమనగా, ఇందులో ఆట ప్రతి సంవత్సరం మారిపోతుంది. ఆతిథ్య సంస్థ తమ దేశపు పండుగ, కథ, క్రీడ లేదా కట్టడం ఒకదానిని తీసుకొని, దానిని రోబోలు ఆడగల ఆటగా మలచి, నియమావళి రాసి కొన్ని నెలల ముందుగా ప్రకటిస్తుంది. కనుక నిరుడు గెలిచిన రోబో ఈ ఏడు పనికిరాదు. అందరూ మొదటి నుండి ఆలోచించవలసినదే.

కొన్ని ఉదాహరణలు చూస్తే ఈ విషయం అర్థమవుతుంది. 2010లో కైరోలో రోబోలు పిరమిడ్లు కట్టాయి. 2011లో బ్యాంకాక్‌లో జరిగిన పోటీకి థాయిలాండ్ ప్రజలు నీటిలో దీపాలు వదిలే లోయ్ క్రథోంగ్ పండుగ ఆధారం. 2015లో ఇండోనేషియాలోని యోగ్యకర్తలో రోబోలు బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడాయి. ఎదుటివైపు నుండి వచ్చే షటిల్ ఎక్కడ పడుతుందో కనిపెట్టి, అక్కడికి చేరి, రాకెట్ ఊపడం మనిషికి అలవాటైన పని. యంత్రానికి మాత్రం క్షణంలో చేయవలసిన పెద్ద లెక్క.

2016లో బ్యాంకాక్‌లో ఇచ్చిన సమస్య మరీ చిత్రమైనది. ప్రతి జట్టుకు రెండు రోబోలు. మొదటిదానికి ముందుకు కదిలే శక్తి ఉండరాదు. దిశ మార్చుకోవడానికి మాత్రమే ఒక మోటారు అనుమతిస్తారు. రెండవ రోబో దానిని తాకకుండా, గాలి విసరడం వంటి పరోక్ష పద్ధతిలో నడిపించాలి. చివరకు మొదటి రోబో తెచ్చిన ప్రొపెల్లరును రెండవది తీసుకొని, స్తంభం ఎక్కి గాలిమరకు అమర్చాలి. ఆ ఏడు మలేషియా జట్టు గెలిచింది.

2017లో టోక్యో పోటీలో ఒక్కో జట్టుకు ఒకే రోబో, యాభై మెత్తని పళ్ళేలు ఇచ్చారు. వేర్వేరు ఎత్తులలో ఉన్న ఏడు గుండ్రని స్థలాలపైకి ఆ పళ్ళేలను విసిరి, అక్కడ ఉంచిన బంతులను పడగొట్టి, పళ్ళెం ఆ స్థలంపైనే నిలిచేలా చేయాలి. ఏడింటినీ సాధించిన జట్టు అప్పటికప్పుడు గెలిచినట్లే. 2019లో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో పూర్వకాలపు వార్తాహరుల వ్యవస్థను ఇతివృత్తంగా తీసుకున్నారు. అందులో రెండవ రోబో చక్రాలు లేకుండా నాలుగు కాళ్ళతో, ఎవరూ నడిపించకుండా తనంతట తాను నడిచి, ఇసుక తిన్నెను పోలిన మెట్టును, తాళ్ళను దాటి కొండ ఎక్కాలి. ఈ పోటీలో హాంగ్‌కాంగ్ జట్టు విజేత. అప్పటివరకు చక్రాల రోబోలతోనే అనుభవం గడించిన కళాశాలలన్నీ ఒక్కసారిగా కాళ్ళ నడక నేర్చుకోవలసి వచ్చింది.

జట్టు

ఒక జట్టులో మైదానంలోకి దిగే ముగ్గురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు ఉంటారు. వీరందరూ ఒకే విద్యాసంస్థకు చెంది ఉండాలి. సామగ్రి మోయడానికి, మరమ్మతులు చేయడానికి మరి కొద్దిమంది సహాయకులను అనుమతిస్తారు. స్నాతకోత్తర విద్యార్థులకు సాధారణంగా ప్రవేశం లేదు. రోబోలను విద్యార్థులే తయారు చేయాలి. ఒక్కో దేశం నుండి ఒక జట్టు, ఆతిథ్య దేశం నుండి రెండు జట్లు వస్తాయి. కనుక ప్రతి దేశంలోను ముందుగా జాతీయ పోటీ జరుగుతుంది.

బయటకు కనిపించేది ముగ్గురే అయినా, కళాశాలలో ఒక రోబో వెనుక పదిహేను ఇరవై మంది పనిచేయడం మామూలే. వీరు యాంత్రిక విభాగం, విద్యుత్ విభాగం, ప్రోగ్రామింగు విభాగం అని పని పంచుకుంటారు. తగవులు ఎక్కువగా ఈ విభాగాల సరిహద్దుల దగ్గరే వస్తాయి. చక్రం జారితే తప్పు బరువు పంపకానిదా, మోటారుదా, ప్రోగ్రాముదా అన్నది తేల్చడానికి రాత్రులు గడిచిపోతాయి.

పోటీ జరిగే విధానం

ప్రతి ఆట ఎరుపు, నీలం జట్ల మధ్య జరుగుతుంది. ఆట నిడివి చాలా సంవత్సరాలలో మూడు నిమిషాలు. ఆటకు ముందు రోబోలను తమ స్థానాలలో అమర్చుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు. ఆ నిమిషం దాటిన తరువాత రోబోను ముట్టుకోరాదు. రెఫరీ సంకేతంతో ఆట మొదలవుతుంది.

రోబోలు రెండు రకాలు. విద్యార్థి చేతిలోని రిమోటుతో నడిచేది చేతి రోబో. మీట నొక్కిన తరువాత తనంతట తాను నడిచేది స్వయంచాలక రోబో. ఏ ఆటలో ఏ రకం ఎన్ని ఉండాలో ఆ ఏటి నియమావళి చెబుతుంది.

రోబో దారి తప్పినా, వస్తువును జారవిడిచినా జట్టు "రీట్రై" కోరవచ్చు. రెఫరీ అనుమతిస్తే రోబోను నిర్ణీత స్థానానికి తీసుకువచ్చి మరల మొదలుపెడతారు. అయితే గడియారం ఆగదు. మూడు నిమిషాలలో ఒక రీట్రైకి పోయే పదిహేను ఇరవై క్షణాలు ఎంత విలువైనవో చూసేవారికి సులభంగానే తెలుస్తుంది. ఎదుటి జట్టు ప్రాంతంలోకి చొరబడటం, మైదానాన్ని పాడుచేయడం, ప్రమాదకరంగా ప్రవర్తించడం తప్పులు. కావాలని చేసిన తీవ్రమైన తప్పులకు జట్టును ఆట నుండి తొలగిస్తారు.

చాలా ఇతివృత్తాలలో ఒక అంతిమ లక్ష్యం ఉంటుంది. దానిని ముందుగా సాధించిన జట్టు పాయింట్లతో సంబంధం లేకుండా గెలుస్తుంది. ఆ క్షణానికి ఆతిథ్య దేశపు భాషలో ఒక పేరు కూడా పెడతారు. బ్యాంకాక్‌లో "ఛాయో", టోక్యోలో "అప్పారే", పుణెలో "శభాష్" అటువంటివే. ఎవరూ లక్ష్యం చేరకపోతే పాయింట్లు లెక్కిస్తారు.

ముందుగా జట్లను చిన్న సమూహాలుగా విభజించి ఆడిస్తారు. సమూహ విజేతలు, మంచి పాయింట్లు పొందిన కొన్ని జట్లు క్వార్టర్ ఫైనల్‌కు చేరతాయి. అక్కడి నుండి ఓడిన జట్టు ఇంటికే. గెలిచిన జట్టుకు ఇచ్చే బహుమతితో పాటు, ఉత్తమ ఆలోచన, ఉత్తమ ఇంజనీరింగు, ఉత్తమ రూపకల్పనలకు వేరుగా బహుమతులు ఉంటాయి. వీటన్నిటికంటే గౌరవంగా భావించేది "ఏబీయూ రోబోకాన్ అవార్డు". ఇది విజేతకే రావాలని లేదు.

రోబోల నిర్మాణం

బరువు, కొలతలు, విద్యుత్ వోల్టేజీ, గాలి పీడనం అన్నిటికీ పరిమితులు ఉంటాయి. జట్టు రోబోలన్నీ కలిపి యాభై కిలోల లోపు, బ్యాటరీ 24 వోల్టుల లోపు, సంపీడన గాలి 6 బార్ల లోపు ఉండాలనే నియమాలు పలు సంవత్సరాలలో కనిపిస్తాయి. గాలితో పనిచేసే భాగాలకు గాలిని నిల్వ చేయడానికి ప్రత్యేకమైన ట్యాంకులే కాక, చల్లని పానీయాల ప్లాస్టిక్ సీసాలు కూడా వాడుతూ వచ్చారు. సీసా మీద గీత, సొట్ట ఉంటే తనిఖీలో ఒప్పుకోరు. పేలితే గాయాలవుతాయి కనుక ఈ పట్టుదల సరైనదే. ప్రతి రోబోకు పైకి కనిపించేలా ఎర్రని అత్యవసర మీట తప్పనిసరి.

మైదానంలో సాధారణంగా తెల్లని గీతలు గీసి ఉంటాయి. స్వయంచాలక రోబో అడుగున అమర్చిన కాంతి సెన్సార్లు నేలపై వెలుగును ప్రసరింపజేసి, తిరిగి వచ్చే వెలుగును బట్టి గీత ఎక్కడ ఉన్నదో తెలుసుకుంటాయి. గీత ఎడమకు జరిగితే కుడి చక్రం వేగం పెంచి, కుడికి జరిగితే ఎడమ చక్రం వేగం పెంచి రోబో దారిలో ఉంటుంది. ఎన్ని అడ్డగీతలు దాటినదో లెక్కపెట్టి తాను ఎక్కడ ఉన్నదో గ్రహిస్తుంది. చక్రం ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్లు, రోబో ఎంత మళ్ళిందో చెప్పే గైరోస్కోపులు దీనికి తోడు. తరువాతి కాలంలో అన్ని దిక్కులకూ జరగగల ఓమ్ని చక్రాలు, కెమెరాలు, లేజరుతో దూరం కొలిచే పరికరాలు వచ్చాయి.

పోటీ వేదిక టెలివిజన్ ప్రసారానికి అనువుగా వెలుగుతో నిండి ఉంటుంది. కళాశాల ప్రయోగశాలలో ట్యూబులైటు కింద చక్కగా గీతను అనుసరించిన రోబో, ఈ దీపాల కింద తెలుపు ఏదో, మిగతా నేల ఏదో తేల్చుకోలేక నిలిచిపోవచ్చు. అందువలన జట్లు సెన్సార్ల చుట్టూ నల్లని తెర కట్టడం, వేదికపై ఇచ్చే అభ్యాస సమయంలో కొలతలు మరల సరిచేసుకోవడం చేస్తాయి. రోబో బాగా పరుగెత్తడం కంటే, వంద సార్లు నడిపితే వంద సార్లూ ఒకేలా నడవడమే ఇక్కడ కష్టమైన పని.

భారతదేశంలో

భారతదేశపు జాతీయ పోటీని దూరదర్శన్ "డీడీ రోబోకాన్" పేరిట నిర్వహిస్తుంది. ఇది చాలా సంవత్సరాలు పుణెలోని బాలేవాడి క్రీడా ప్రాంగణంలో జరిగింది. తరువాత ఢిల్లీకి మారింది. జట్లు ముందుగా తమ రూపకల్పన వివరాలు, రోబో పనిచేస్తున్న వీడియో పంపాలి. ఈ దశలోనే చాలా జట్లు ఆగిపోతాయి.

అంతర్జాతీయ పోటీకి భారతదేశం మూడు సార్లు ఆతిథ్యం ఇచ్చింది. 2008లో పుణెలో జరిగిన పోటీ పేరు "గోవిందా". మహారాష్ట్రలో దహీ హండీ అని, మన ప్రాంతాలలో ఉట్టి కొట్టడం అని పిలిచే కృష్ణాష్టమి వేడుక దీనికి ఆధారం. పైన వేలాడే కుండలలోని వెన్నను రోబోలు అందుకోవాలి. 2014లో మరల పుణెలోనే జరిగిన పోటీలో తల్లిదండ్రుల రోబో ఒకటి, పిల్ల రోబో ఒకటి. పెద్ద రోబోను విద్యార్థి నడుపుతాడు. పిల్ల రోబో స్వయంచాలకం. పెద్దది పిల్లను ఎత్తుకొని సీసా బల్ల, ఊయల, ఎక్కే చట్రం వంటి ఆటల దగ్గరకు తీసుకువెళ్ళి ఆడించాలి.

2022లో న్యూఢిల్లీ పోటీకి "లగోరీ" ఆట తీసుకున్నారు. ఇది తెలుగు పిల్లలకు ఏడుపెంకులాటగా తెలిసినదే. రోబోల ఆటలో పెంకుల స్థానంలో ఒకదానిపై ఒకటి పేర్చిన గుండ్రని పలకలు ఉన్నాయి. ఒక జట్టు బంతి విసిరి ఆ దొంతరను కూల్చి, తిరిగి పేర్చడానికి ప్రయత్నిస్తుంది. రెండవ జట్టు బంతులతో అడ్డుకుంటుంది. పిల్లలాటలో బంతి వీపుకు తగులుతుంది. ఇక్కడ రోబో తలపై నిలిపిన బంతిని పడగొట్టాలి.

విమర్శలు

ఖర్చు ప్రధానమైన సమస్య. మంచి మోటార్లు, సెన్సార్లు చాలావరకు దిగుమతి చేసుకునేవే. కళాశాల యాజమాన్యం ఆదుకోకపోతే విద్యార్థులు చేతి డబ్బు వేసుకోవలసి వస్తుంది. కార్ల వైపరు మోటార్లు, పాత ఇనుప సామాన్ల దుకాణంలోని గేర్లు వాడి నెట్టుకువచ్చే జట్లు, విదేశీ మోటార్లు వాడే జట్లు ఒకే మైదానంలో తలపడతాయి. నియమావళి బరువును, వోల్టేజీని నియంత్రిస్తుంది కాని ధరను నియంత్రించదు.

రెండవ విమర్శ చదువుకు సంబంధించినది. దాదాపు ఏడాది పాటు తరగతులు మాని వర్క్‌షాపులో గడిపిన విద్యార్థికి హాజరు తగ్గుతుంది. అతడు నేర్చుకున్నదానికి పరీక్షలలో మార్కులు ఉండవు. కొన్ని కళాశాలలు దీనిని చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా అంగీకరిస్తున్నాయి. ఇక సీనియర్లు చదువు ముగించి వెళ్ళిపోయినప్పుడు వారి అనుభవం కూడా వెళ్ళిపోతుంది. ప్రోగ్రాములు, రేఖాచిత్రాలు, విఫలమైన ప్రయత్నాల వివరాలు రాసిపెట్టుకున్న కళాశాలలే ఏటేటా పై దశలకు చేరుతుండటం గమనించదగినది.

ఇతర పోటీలు

అమెరికాలో 1992లో ఆరంభమైన ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ ఉన్నత పాఠశాల విద్యార్థుల కొరకు ఉద్దేశించినది. అందులోనూ ఆట ఏటా మారుతుంది. అయితే మూడేసి జట్లు ఒక కూటమిగా ఏర్పడి మరొక కూటమితో ఆడతాయి కనుక, ఒక ఆటలో తోడుగా ఉన్న జట్టు తరువాతి ఆటలో ఎదురు నిలవవచ్చు. రోబోకప్ అనే మరొక పోటీలో స్వయంచాలక రోబోలు ఫుట్‌బాల్ ఆడతాయి. ఇందులో ఆట మారదు, ఏటేటా కఠినమవుతుంది.