కొయ్యకి నల్ల కోను కట్టిన దొర

ఆ కొబ్బరి మట్ట ఇంకొకటి వెయ్యండర్రా, మంట దిగిపోతోంది. మంచు కూడా పడుతోంది, దగ్గరికి జరగండి.

పొద్దున మా చిన్నోడు అడిగాడు, "తాతా, బందరు రేవులో తుపాను హెచ్చరిక మూడో నంబరు ఎగరేశారంటారు కదా, అసలా కొయ్యకి గుర్తులు కట్టాలని ఎవరికి తోచింది?" అని. ముప్పయ్యేళ్ళు ఆ కొయ్య కిందే పనిచేశాను. పగలైతే నల్ల కోన్లు, డ్రమ్ములు, రాత్రయితే ఎరుపూ తెలుపూ లాంతర్లు. తాడు లాగి ఎక్కించడం, కబురొచ్చాక దించడం. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఆ మాట అడిగినవాడు వీడొక్కడే. కడుపు నిండిపోయింది నాకు.

అలా తోచినాయన పేరు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. 1805లో ఇంగ్లండులో గొప్ప జమీందారీ వంశంలో పుట్టాడు. పన్నెండేళ్ళకే పోర్ట్స్‌మత్ నౌకాదళ కళాశాలలో వేశారు. మీ ఈడు పిల్లాడు! చదువులో ఆయనకి ఎదురు లేదు. ఇరవై మూడేళ్ళకే ఓడ చేతికిచ్చారు. ఆ ఓడ పేరు బీగిల్.

ఎలా ఇచ్చారో కూడా వినాలి. దక్షిణ అమెరికా కొసన, ఎప్పుడూ చలీ వానా వదలని జలసంధుల్లో కొలతలు తీస్తూ తీస్తూ ముందున్న కెప్టెను మనసు చెదిరి ప్రాణం తీసుకున్నాడు. ఆ ఖాళీలోకి ఈ కుర్రాణ్ణి తెచ్చి నిలబెట్టారు. అది 1828.

రెండు నెలలు తిరక్కుండానే, 1829 జనవరిలో, లా ప్లాటా నది సముద్రంలో కలిసేచోట ఓడ ఉంది. ఓడలో బారోమీటరు ఉంటుంది. గాజు గొట్టంలో పాదరసం. గాలి బరువు తగ్గితే పాదరసం దిగుతుంది; గబగబా దిగిందంటే పెద్ద గాలి వస్తోందని అర్థం. ఆ రోజు దిగింది. ఈయన చూశాడు, చూసి కూడా పెద్దగా లెక్కచెయ్యలేదు. పాంపెరో అని అక్కడ ఓ గాలి ఉంది, మైదానాల మీంచి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఓడ పక్కకి ఒరిగిపోయింది, తెరచాప కొయ్యలు విరిగాయి, ఇద్దరు నావికులు నీళ్ళపాలయ్యారు. ఓడని ఎలాగో దక్కించుకున్నాడు. ఆ ఇద్దర్నీ మాత్రం తేలేకపోయాడు కదా. నా మాట రాసుకోండి, ఆ తరవాత ఆయన చేసిన పని అంతటికీ వేరు అక్కడుంది. మళ్ళీ జన్మలో పాదరసాన్ని చిన్నచూపు చూడలేదు.

బీగిల్ పేరు మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది, డార్విన్ గారి పాఠంలో. 1831 డిసెంబరులో బయల్దేరి 1836 అక్టోబరుకి తిరిగొచ్చిన ఆ ప్రయాణానికి కెప్టెను ఈయనే. లెక్క తప్పకూడదని ఇరవై రెండు గడియారాలు ఓడలో పెట్టుకున్నాడు, కొన్ని సొంత డబ్బుతో. ఆయన గీయించిన పటాలు పట్టుకుని ఎన్నో ఏళ్ళు ఓడలు నడిచాయి. అలాగని అన్నీ మంచిపనులే చేశాడని నేను చెప్పను. మొదటి ప్రయాణంలో తన పడవ దొంగిలించారని ఆ కొస దీవుల మనుషుల్ని నలుగుర్ని పట్టి ఇంగ్లండు తీసుకుపోయాడు. ఒకడు మశూచితో అక్కడే పోయాడు. మిగతా ముగ్గుర్నీ రెండో ప్రయాణంలో తిరిగి దింపాడనుకోండి, అయినా అది తప్పే.

తరవాత 1843లో న్యూజిలాండుకి గవర్నరుగా పంపారు. అక్కడి మూలవాసులు మావోరీలకీ తెల్లవాళ్ళకీ కొట్లాట జరిగితే, తప్పు తెల్లవాళ్ళదేనని నోరు తెరిచి చెప్పాడు. వలస వెళ్ళిన తెల్లవాళ్ళకి ఆ మాట మింగుడుపడలేదు. రెండేళ్ళకే వెనక్కి పిలిచారు.

1854లో వాతావరణం లెక్కలు చూసే చిన్న ఉద్యోగం ఇచ్చారు. నలుగురు కూడా లేని కచేరీ. ఓడల నించి గాలి లెక్కలు తెప్పించి రాసిపెట్టడం, అంతే పని. ఈయన అంతటితో ఊరుకునే మనిషి కాదు. పేద జాలరి పల్లెల్లో గోడలకి బారోమీటర్లు పెట్టించాడు, వేటకి దిగేముందు చూసుకుంటారని.

1859 అక్టోబరు చివర్లో ఆస్ట్రేలియా నించి బంగారం తవ్వుకుని ఇంటికొస్తున్న జనంతో రాయల్ చార్టర్ అనే ఓడ, ఊరు చేరే ముందు, వేల్స్ ఒడ్డునే రాళ్ళకి కొట్టుకుంది. నాలుగు వందల యాభై మందికి పైగా పోయారు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది వాళ్ళకి! ఫిట్జ్‌రాయ్ అన్నాడు: గాలి కంటే టెలిగ్రాము తొందరగా పోతుంది, ఓ రేవులో గాలి తిరిగితే ఇంకో రేవుకి ముందే చెప్పలేమా?

1861 ఫిబ్రవరిలో మొదలైంది. లండన్‌కి రేవుల నించి తంతి రావడం, అక్కణ్ణించి హెచ్చరిక పోవడం, ఆ రేవుల్లో కొయ్య మీద కోను ఎక్కడం. మొన పైకి ఉంటే ఉత్తరపు గాలి, కిందికి ఉంటే దక్షిణపు గాలి. డ్రమ్ము కూడా ఉంటే ఇంకా జాగ్రత్త. రాత్రిళ్ళు లాంతర్లు. చదువు రానివాడికి కూడా దూరాన్నించే తెలుస్తుంది. మన రేవుల్లో నంబర్ల పద్ధతి తరవాత వచ్చింది గానీ, నేను ముప్పయ్యేళ్ళు లాగిన తాడుకి మూలం అదే. ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో రేపటి వాతావరణం కూడా వేయించాడు. ఫోర్‌కాస్ట్ అనే మాట ఈ పనికి వాడిందీ ఆయనే.

చెప్పింది తప్పినప్పుడల్లా పత్రికలు ఎగతాళి చేశాయి. శాస్త్రజ్ఞులు ఇది శాస్త్రమే కాదన్నారు. వేట పడవల యజమానులకి ఇంకా కోపం: కోను ఎగిరితే జాలర్లు దిగరు, వాళ్ళు దిగకపోతే డబ్బు రాదు. నాకు ఇది కొత్త కాదర్రా. నంబరు ఎక్కించాక తుపాను ఒరిస్సాకి తిరిగిపోతే, "వేట పోగొట్టావు కదయ్యా" అని నన్నెన్నిసార్లు అన్నారో! అన్నవాళ్ళంతా ప్రాణాలతో ఇంటికెళ్ళి అన్నం తిన్నారు. నాకది చాలు.

ఆయనకి మాత్రం చాల్లేదు. ఆస్తి కరిగిపోయింది, చెవులు వినపడటం తగ్గింది, మనసు అలిసిపోయింది. 1865 ఏప్రిల్ 30న తన ప్రాణం తనే తీసుకున్నాడు. తరవాత చూస్తే చేతిలో డబ్బు లేదు. స్నేహితులు చందాలెత్తి ఆ కుటుంబాన్ని ఆదుకున్నారు. అంతకి ఆర్నెల్ల ముందే, 1864 నవంబరు 1 రాత్రి, మన బందరు ఉప్పెన. ముప్పై వేలమంది పోయారు. ముందుగా చెప్పే ఏర్పాటు ఈ తీరానికి లేదు అప్పటికి. మన దేశపు వాతావరణ శాఖ పుట్టింది 1875లో.

ఆయన పోయాక పెద్దలు కూర్చుని హెచ్చరికలు ఆపేశారు. ఓడలవాళ్ళూ, జాలర్లూ ఊరుకోలేదు, మా కోను మాకు కావాలన్నారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది.

నేను 1977 నవంబరు 19 రాత్రి తుపాను చూసినవాణ్ణి, తెల్లారాక దివిసీమ చూసినవాణ్ణి. పెద్దోడా, రేపు నువ్వు వేటకి పోతానంటున్నావు. పో. ముందు రేవు కొయ్యకేసి ఓసారి చూడు. ఏదైనా వేలాడుతూ ఉంటే నావ తియ్యకు నాయనా.