కుక్కను వదిలి విమానం ఎక్కనన్నవాళ్ళ కథ

ఈసారి పోస్టు కాస్త పొడవైంది. ఆదివారం కాఫీ తాగుతూ తీరిగ్గా చదవండి. చివర్లో మన సంఘానికి సంబంధించిన మాట ఒకటి ఉంది, అక్కడిదాకా రండి.

పోయిన నెల కమిటీ మీటింగులో ఒక ఉత్తరం చదివారు. మన సభ్యుల్లో ఒకరి మేనల్లుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. చెల్లెలి పెళ్ళికి బెంగళూరు వస్తున్నాడు, పెళ్ళి మన మంటపంలోనే. "నా గైడ్ డాగ్‌ను వెంట తెచ్చుకుంటే హాల్లోకి రానిస్తారా?" అని అడిగాడు. ఒకరిద్దరు నవ్వారు. ఒక పెద్దాయన "పంక్తి భోజనాల దగ్గర కుక్కేమిటయ్యా?" అన్నారు. ఇంకొకరు "ముందు దాన్ని విమానం ఎక్కనివ్వాలి కదా, ఇక్కడిదాకా వస్తే అప్పుడు చూద్దాం" అన్నారు. విషయం వాయిదా పడింది. ఆ రోజు నేనూ నోరు మెదపలేదు. ఆ సంగతే మనసులో ముల్లులా ఉండి, ఇంటికొచ్చి ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల వల్ల, గాయాల వల్ల ఎంతోమంది జర్మన్ సైనికులు చూపు పోగొట్టుకున్నారు. వాళ్ళకు దారి చూపేలా కుక్కలకు శిక్షణ ఇవ్వడానికి 1916లో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ ఓల్డెన్‌బర్గ్‌లో ఒక పాఠశాల పెట్టాడు. తర్వాత 1923లో పోట్స్‌డామ్‌లో ఇంకోటి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో జర్మన్ షెపర్డ్ కుక్కలను పెంచుతున్న డొరోతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ ఆ పోట్స్‌డామ్ బడిని చూసి, 1927 నవంబరులో ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాసింది.

టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో మారిస్ ఫ్రాంక్ అనే కుర్రాడికి వాళ్ళ నాన్న ఆ వ్యాసం చదివి వినిపించాడు. ఫ్రాంక్‌కు ఆరేళ్ళప్పుడు ఒక కన్ను, పదహారేళ్ళప్పుడు బాక్సింగ్ ఆడుతూ రెండో కన్ను పోయాయి. నాకొక కుక్కను ఇప్పించండి, నేర్చుకుని వచ్చి ఇక్కడ నాలాంటివాళ్ళకు నేర్పుతాను అని యూస్టిస్‌కు రాశాడు. 1928లో ఓడెక్కి స్విట్జర్లాండ్ వెళ్ళాడు. ఆ ఓడ ప్రయాణం గురించి తప్పక చెప్పుకోవాలి. చూపులేని మనిషి ఒంటరిగా ప్రయాణం చేయలేడని, అతన్ని ఒక కంపెనీకి అప్పగించి పార్సెల్ పంపినట్టు పంపారు. క్యాబిన్‌లో పెట్టి తాళం వేసేవాళ్ళు. ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తే తప్ప డెక్ మీదికి కూడా వెళ్ళే వీలు లేదు.

తిరుగు ప్రయాణంలో అతని పక్కన బడ్డీ ఉంది. ఆడ జర్మన్ షెపర్డ్. 1928 జూన్‌లో న్యూయార్క్‌లో దిగి, విలేకరులు చూస్తుండగా, బండ్లతో కిక్కిరిసిన వెస్ట్ స్ట్రీట్‌ను బడ్డీతో దాటాడు. తర్వాత యూస్టిస్‌కు ఒకే ఒక్క మాటతో టెలిగ్రామ్ కొట్టాడు: విజయం. మరుసటి ఏడాది, 1929 జనవరిలో, వాళ్ళిద్దరూ కలిసి నాష్‌విల్‌లో 'ది సీయింగ్ ఐ' అనే బడి స్థాపించారు. అది ఇప్పటికీ న్యూజెర్సీలో నడుస్తోంది.

కుక్క దొరికింది సరే, దాన్ని ఎక్కడికి రానిస్తారు? రైల్లో సామాన్ల పెట్టెలో కట్టేయమనేవాళ్ళు. హోటళ్ళు వద్దనేవి. ఫ్రాంక్ ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి ఒక్కొక్కరినీ ఒప్పించాడు. 1935 నాటికి అమెరికా రైళ్ళన్నీ గైడ్ డాగ్‌ను మనిషి పక్కనే కూర్చోనిచ్చాయి. 1938లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం క్యాబిన్‌లో బడ్డీ ఫ్రాంక్ పాదాల దగ్గర కూర్చుని ప్రయాణం చేసింది. అప్పటికే ముసలిదైంది. ఆ తర్వాత కొద్ది రోజులకే, మే 23న చనిపోయింది. అంటే "విమానం ఎక్కనిస్తారా" అన్న మన మిత్రుడి ప్రశ్నకు ఎనభై ఏళ్ళ కిందటే జవాబు వచ్చేసింది.

అయితే ఒక కంపెనీ దయ తలచడం వేరు, హక్కుగా రావడం వేరు. అమెరికాలో విమాన ప్రయాణాల్లో వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే చట్టం 1986లో వచ్చింది. ఐరోపాలో 2006లో నిబంధన చేశారు. మన దేశంలో డీజీసీఏ నిబంధనల్లోనూ గైడ్ డాగ్‌కు చోటుంది. శిక్షణ పొంది, టీకాలు వేయించుకుని, పట్టీలు కట్టి ఉన్న కుక్క క్యాబిన్‌లోనే యజమానితో రావచ్చు. ప్రయాణికుడు తన అవసరం సంగతి 48 గంటల ముందే విమాన సంస్థకు చెప్పాలి. విదేశం నుంచి తెచ్చేటప్పుడు జంతు క్వారంటైన్ శాఖ అనుమతి పత్రాలు కూడా ఉండాలి.

ఈ క్వారంటైన్ దగ్గరే మరో పోరాటం జరిగింది. హవాయి దీవుల్లో రేబిస్ లేదు. అందుకని బయటి నుంచి వచ్చే ప్రతి కుక్కనూ 120 రోజులు విడిగా ఉంచేవాళ్ళు. చూపులేనివాళ్ళు కోర్టుకు వెళ్ళారు. "రూలు అందరికీ ఒకటే, ఎవరి మీదా వివక్ష లేదు" అని రాష్ట్రం వాదించింది. 1996లో అప్పీలు కోర్టు ఆ వాదన చెల్లదంది. కుక్కను నాలుగు నెలలు వదిలి ఉండటం మామూలు మనిషికి బెంగ మాత్రమే, చూపులేని మనిషికి కాళ్ళు కట్టేసినట్టు. రూలు ఒకటే అయినా బరువు ఒకటి కాదు. బ్రిటన్‌లో కూడా ఆరు నెలల క్వారంటైన్ ఉండేది. టీకా, మైక్రోచిప్, రక్తపరీక్ష ఉంటే చాలు అన్న పద్ధతి అక్కడ 2000లో మొదలైంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. అమెరికాలో కొందరు ఈ వెసులుబాటును వాడుకుని, మనసుకు ధైర్యం కోసమంటూ రకరకాల జంతువులను విమానాల్లోకి తెచ్చారు. 2018లో ఒకావిడ నెమలితో వస్తే ఎక్కనివ్వలేదు. ఆ గొడవలన్నీ చూసి, 2021 జనవరి నుంచి శిక్షణ పొందిన సహాయక కుక్కలకే ఆ హక్కు అని అక్కడి ప్రభుత్వం గట్టిగా చెప్పింది. దుర్వినియోగం చేసిన వాళ్ళ వల్ల నిజంగా అవసరమున్నవాళ్ళను అనుమానంగా చూడటం ఎక్కువైంది. అలా ఎవరో చేసిన పనికి వీళ్ళు మాట పడాల్సి వచ్చింది.

అసలు గైడ్ డాగ్ అంటే ఇంట్లో ముద్దుచేసే కుక్క కాదు. పట్టీ వేశాక అది డ్యూటీలో ఉన్నట్టే. మొరగదు, తిండి కోసం ఎగబడదు. ముందుకు పద అని యజమాని చెప్పినా, బండి వస్తుంటే కదలదు. ఎప్పుడు మాట వినకూడదో కూడా దానికి నేర్పుతారు. మనం దాన్ని పిలవకూడదు, తినడానికి ఏమీ పెట్టకూడదు. దాని ధ్యాస చెదిరితే దెబ్బ తగిలేది మనిషికి.

మడి, ఆచారం అన్న పెద్దలకు ఒక్క మాట. తిక్కన గారు తెలుగు చేసిన భాగంలోనే ఉంది కదా మహాప్రస్థానం. ఇంద్రుడు స్వయంగా రథం తెచ్చి, కుక్కకు స్వర్గంలో చోటు లేదు, వదిలేసి ఎక్కమన్నాడు. నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనన్నాడు ధర్మరాజు. ఆ కథను మన పిల్లలకు చెబుతాం. మంటపం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం ఇంద్రుడి మాటే మాట్లాడుతున్నాం.

మన తాతముత్తాతలు ఈ ఊరికి పరాయివాళ్ళుగా వచ్చారు. చోటిచ్చినవాళ్ళు ఇచ్చారు కాబట్టే ఈ రోజు మనకొక మంటపం ఉంది. వచ్చే మీటింగులో నేను ప్రతిపాదించేది చిన్నదే. "కుక్కలకు ప్రవేశం లేదు" అన్న మన బోర్డు కింద ఒక వాక్యం చేర్చాలి: "గైడ్ డాగ్‌తో వచ్చేవారికి స్వాగతం." భోజనాల దగ్గర గోడవారగా చివరి కుర్చీ ఆ అబ్బాయికి కేటాయిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కుక్కంటే భయమున్నవాళ్ళు కాస్త దూరంగా కూర్చోవచ్చు.

పోయిన నెల మాట్లాడవలసిన మాట ఇప్పుడు రాశాను. ఒప్పుకునేవాళ్ళు, ఒప్పుకోనివాళ్ళు ఇద్దరూ మీటింగుకు తప్పక రండి.