సర్వర్ ఎక్కణ్ణుంచి వచ్చాడు?

అమలాపురంలో పొద్దుటిపూట టిఫిన్ హోటల్‌లో కూర్చుని "ఏమున్నాయండీ?" అని అడగడమే తరువాయి. ఇడ్లీ, గారె, పూరీ, మినపట్టు, పెసరట్టుప్మా అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేస్తాడు సర్వర్. నాలుగు బల్లల వాళ్ళు ఏమేం అడిగారో కాగితం ముక్క లేకుండా మనసులో పెట్టుకుని వంటగదిలోకి కేకేస్తాడు. ఎడమచేతి మీద మూడు ప్లేట్లు నిలబెట్టుకుని, కుడిచేత్తో చట్నీ గిన్నె పట్టుకుని, బల్లల మధ్య ఇరుకు సందులోంచి ఒక్క బొట్టు ఒలకకుండా నడిచొస్తాడు. ఇంత నేర్పున్న పని ఎప్పుడు పుట్టింది, ఎలా పుట్టింది అని మాత్రం మనం పెద్దగా ఆలోచించం.

అన్నం వడ్డించడం పాతదే. డబ్బు పుచ్చుకుని, అదొక్కటే పనిగా వడ్డించే మనిషి మాత్రం మనకు కొత్తవాడు, దాదాపుగా ఇరవయ్యో శతాబ్దంలో వచ్చినవాడు.

అంతకు ముందు కోనసీమలో వడ్డన ఇంటివాళ్ళ గౌరవం. పెళ్ళిళ్ళలో బంతి వేస్తే పెళ్ళివారి తరఫు పెద్దమనుషులే కండువా నడుముకి బిగించి నేతి గిన్నె అందుకునేవారు. కొసరి కొసరి వడ్డించినవాడికి పేరొచ్చేది. బంతిలో వలపక్షం చూపించినవాణ్ణి ఊరంతా చెప్పుకునేది. ఈ వడ్డనకి గుడి కట్టదగ్గ మనిషి డొక్కా సీతమ్మ గారు. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న గారి భార్యగా లంకల గన్నవరం వచ్చి, 1909లో కన్నుమూసేదాకా వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టారు. వంతెనలు లేని రోజులవి. వైనతేయ గోదావరి రేవు దాటి వచ్చేవాళ్ళకి ఆకలేస్తే డబ్బిచ్చి కొనుక్కుందామన్నా ఏమీ దొరికేది కాదు. అటువంటిచోట ఆ ఇల్లే ఊరికి అన్నసత్రమైంది. ఇవాళ గన్నవరం అక్విడక్టుకీ, 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే ఉంది.

డబ్బు తీసుకుని అన్నం పెట్టడానికి మొదటి మెట్టు పూటకూళ్ళ ఇల్లు. గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శించింది 1892లో. అందులో పూటకూళ్ళమ్మ ఒక ముఖ్య పాత్ర అయిందంటే, అప్పటికే పూటకూళ్ళు ఎంత మామూలైపోయాయో తెలుస్తుంది. కోర్టు పనికో చదువుకో పట్నం వచ్చినవాళ్ళు అక్కడే తినేవారు. ఆ వృత్తిలో ఎక్కువమంది ఆస్తి లేని వితంతువులు. వండేది ఆవిడే, వడ్డించేది ఆవిడే, బాకీ వసూలు చేసుకునేదీ ఆవిడే. ఆ కష్టానికి తగ్గ మర్యాద లోకం ఆవిడకి ఇవ్వలేదు. సీతమ్మ గారిని అన్నపూర్ణ అన్న నోళ్ళే పూటకూళ్ళమ్మని చులకనగా మాట్లాడాయి. డబ్బు చేతులు మారగానే వడ్డనకి విలువ తగ్గిపోయింది. సర్వర్‌ని ఈనాటికీ వెంటాడుతున్న చిన్నచూపు అక్కడే మొదలైందని నా నమ్మకం.

తరవాత కాఫీ వచ్చింది. అప్పటికి మనం మద్రాసు రాజధానిలో ఉన్నాం. కాఫీ హోటల్ మద్రాసు వైపు నుంచీ, ఉడిపి హోటల్ దక్షిణ కన్నడ నుంచీ బయల్దేరి ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో తీరాంధ్ర పట్నాలకి పాకాయి. పూటకూళ్ళమ్మ ఒక్కతే చేసిన పనిని ఈ హోటళ్ళు ముక్కలు చేశాయి. పొయ్యి దగ్గర మాస్టర్, గల్లాపెట్టె దగ్గర యజమాని, బల్లలు తుడవడానికి క్లీనర్, వీళ్ళందరి మధ్యా తిరగడానికి సర్వర్. మన సర్వర్ నిజంగా పుట్టింది అక్కడే. ఆ ఏర్పాటులో కిందనుంచి పైకి ఎక్కడానికి నిచ్చెన కూడా ఉండేది. వంటింట్లో పనివాడిగా మొదలైన ఉడిపి కె. కృష్ణారావు 1938లో మద్రాసులో ఉడ్‌లాండ్స్ హోటల్ పెట్టారు.

ఆ నిచ్చెన అందరికీ అందలేదు. 'బ్రాహ్మణ కాఫీ హోటల్' అని బోర్డు పెడితే లోపల వండేవాడూ వడ్డించేవాడూ కూడా బ్రాహ్మణుడేనని అర్థం. తినేవాళ్ళకి కులాన్నిబట్టి వేరువేరు గదులుండేవి. దళితులకి గుమ్మం బయటే, వేరే గ్లాసులో. రెండు గ్లాసుల పద్ధతి గురించి మన పల్లెల్లో పెద్దవాళ్ళని అడిగితే ఇంకా చెబుతారు. దాన్ని తలుచుకోకుండా సర్వర్ కథ చెప్పడం అన్యాయం. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళలోకి ప్రవేశాన్ని పేరుపెట్టి మరీ ప్రస్తావించింది. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం దాన్ని కాదన్నవాడికి శిక్ష పెట్టింది. ఆ రాజ్యాంగ రచనకి సారథ్యం వహించిన అంబేద్కర్ పేరే ఇప్పుడు కోనసీమ జిల్లాకుంది. ఇవాళ 216వ జాతీయ రహదారి పక్కన బిర్యానీ ప్లేటు తెచ్చి పెట్టినవాడి కులం మనకి తెలియదు. తెలియాల్సిన పని లేదు. వందేళ్ళలో మన భోజనాల బల్ల దగ్గర జరిగిన అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే.

పని భారం మాత్రం అంతగా తగ్గలేదు. మద్రాసు రాష్ట్రం 1947లో దుకాణాల చట్టం తెచ్చింది, మన రాష్ట్రానికి 1988 చట్టం ఉంది. పనిగంటలకి హద్దూ వారానికో సెలవూ కాగితం మీద ఉన్నాయి. బల్లలు తుడిచే పసిపిల్లలు చట్టం కంటికి ఆనడానికి ఇంకా ఆలస్యమైంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని హోటళ్ళలో, టీ దుకాణాల్లో పెట్టుకోకూడదన్న నిషేధం 2006 అక్టోబరు 10 నుంచి గానీ అమలు కాలేదు.

ఇప్పుడు రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి కుర్రాళ్ళు కువైట్, ఖతార్, దుబాయ్ వెళ్ళి అక్కడి హోటళ్ళలో ట్రేలు మోస్తున్నారు. ఇక్కడి హోటళ్ళలో ఒడిశా, బెంగాల్, బీహార్ కుర్రాళ్ళు "అన్నం కావాలా సార్" అని నేర్చుకున్న తెలుగులో అడుగుతున్నారు. మనవాడు అక్కడ ఏ మర్యాద కోరుకుంటాడో, ఇక్కడికొచ్చినవాడూ అదే కోరుకుంటాడు.

బిల్లులో సర్వీసు చార్జీ తప్పనిసరి చెయ్యకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. కాబట్టి మీరివ్వదలచుకున్నది నేరుగా వడ్డించినవాడి చేతికే ఇవ్వండి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు కల్పించాయి. కేరళలో అది కోళికోడ్ దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు పోరాడి సాధించుకున్న హక్కు. అమలాపురం, రావులపాలెం, కొత్తపేట హోటల్ యజమానులు ఎవరో చెప్పేదాకా ఆగక్కర్లేదు. గోడవారగా రెండు స్టూళ్ళు వేయించండి, రద్దీ తగ్గినప్పుడు సర్వర్లని కూర్చోనివ్వండి. తినడానికి వెళ్ళే మనం "ఒరేయ్, ఇటు రా" అనడం మానేద్దాం. మాటమాటకీ 'అండీ' చేర్చే సీమ మనది, సర్వర్‌ని పిలిచేటప్పుడూ చేరుద్దాం.